మాంటూ పాజిటివ్ అంటే టీబీ వచ్చినట్టు కాదు సిస్టర్

కొత్తగా జాయినయ్యే స్టాఫ్‌కి మాంటూ, అంటే టీబీ క్రిమి ఒంట్లోకి వచ్చిందేమో చూసే చర్మపరీక్ష, చేసి చూసే పని మా హాస్పిటల్లో నాది. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్స్ అంటే చేతులు కడుక్కోమని అందరి వెంటా పడే మనిషి అనుకుంటారు, అదీ నిజమే, కానీ ఎక్కువ ఫోన్లు వచ్చేది మాత్రం ఈ మాంటూ గురించే. "అక్కా, చెయ్యి వాచింది, టీబీ వచ్చేసిందా? హాస్టల్ ఆంటీకి తెలిస్తే ఖాళీ చేయమంటుంది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు" అని ఒకటే ఏడుపు. విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముంజేతి లోపలివైపు చర్మం పొరలోకి టీబీ క్రిమి నుంచి తీసిన ప్రోటీన్ మందు 0.1 ఎంఎల్ ఎక్కించి, 48 నుంచి 72 గంటల మధ్య చూస్తాం. కొలవాల్సింది ఎరుపుని కాదు, గట్టిపడిన మేరని. మన చామనఛాయ చేతుల మీద ఎరుపు ఎలాగూ సరిగ్గా కనపడదు. బాల్‌పెన్నుతో దూరం నుంచి మెల్లిగా గీసుకుంటూ వస్తే గట్టి అంచు తగలగానే పెన్ను ఆగుతుంది, అవతలి వైపు నుంచీ అలాగే చేసి, చేతికి అడ్డంగా స్కేలు పెట్టి ఆ రెండు ఆగిన చోట్ల మధ్య ఎంతుందో చూడాలి. మన స్టాఫ్‌కి 10 మిల్లీమీటర్లు, ఆపైన ఉంటే పాజిటివ్. హెచ్ఐవీ ఉన్నవాళ్ళకి 5 చాలు. వాట్సాప్‌లో ఫొటో పెట్టి "ఎంతుందక్కా" అని అడిగితే ఎవరూ చెప్పలేరు, దండం పెడతా, పెట్టకండి.

పాజిటివ్ అంటే టీబీ క్రిమి ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చి ఉండొచ్చని. చిన్నప్పటి బీసీజీ టీకా వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. ప్రపంచంలో టీబీ కేసుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి, మనం తిరిగేది ఆ గాలిలోనే, ఆశ్చర్యపోవాల్సిందేముంది? క్రిమి నిద్రాణంగా ఉన్నవాళ్ళ నుంచి ఇంకొకరికి అంటదు, వాళ్ళలో జీవితం మొత్తంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతం మందే. ఇగ్రా అనే రక్తపరీక్షకి బీసీజీతో పేచీ లేదు గానీ ఖరీదు, పైగా అది కూడా జబ్బు ఉందో లేదో తేల్చదు. తేల్చేది ఎక్స్‌రే, కళ్ళె పరీక్షే. కళ్ళెలో క్రిమిని మెషీన్‌తో పట్టే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలైతే రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందు పనిచేస్తుందో లేదో కూడా గంటల్లోనే తెలిసిపోతుంది. జబ్బు లేదని తేలాక డాక్టర్ నివారణ మందులు రాస్తే వాడండి, వారానికోసారి చొప్పున 12 వారాల కోర్సు కూడా ఉంది ఇప్పుడు. ఒకసారి పాజిటివ్ వచ్చినవాళ్ళకి మళ్ళీ మళ్ళీ మాంటూ చేయడం దండగ.

ఇక నా అసలు కోపం. ఇంతకుముందు పనిచేసిన చోట టెస్టుల ఫైలు అద్దంలా ఉండేది, ఆడిట్‌కి వచ్చినవాళ్ళు మెచ్చుకుని వెళ్ళేవాళ్ళు. ఓపీ హాలు మాత్రం చుట్టూ అద్దాలు బిగించి, ఒక్క కిటికీ తెరుచుకోకుండా, రెండు స్ప్లిట్ ఏసీలు. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, ఉన్న గాలినే చల్లబరిచి తిప్పుతుంది. ఒకాయన నెల రోజులుగా తగ్గని దగ్గుతో టోకెన్ పట్టుకుని పొద్దున్నంతా అందులోనే కూర్చున్నాడు, పక్కనే చంటిపిల్లల తల్లులు. ముందు పిలవమంటే "లైన్లో వాళ్ళు గొడవ చేస్తారు సిస్టర్" అన్నాడు రిసెప్షన్ అబ్బాయి. టీబీ కణాలు 5 మైక్రాన్ల లోపు ఉంటాయి, గంటలకొద్దీ గాల్లో తేలతాయి. రెండు వారాలు దాటిన దగ్గు అనగానే ఒక సర్జికల్ మాస్క్ చేతిలో పెట్టి పక్కన కూర్చోబెట్టి ముందు చూపించి పంపేస్తే అయ్యే ఖర్చెంత? సర్జికల్ మాస్క్ దగ్గేవాళ్ళకి, ఎన్95 మనకి. మన దగ్గర ఎవరికి ఏదో తారుమారు చేస్తారు. ఎన్95 కూడా ముక్కు దగ్గర నొక్కి, గాలి పక్కల నుంచి పోవట్లేదని చూసుకుంటేనే పనికొస్తుంది.

వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మీద టీబీ శానటోరియం కట్టినవాళ్ళు గాలీ వెలుతురూ చూసుకున్నారు, అమీర్‌పేటలో హాస్పిటల్ కట్టేవాళ్ళు గ్లాసు ఎలివేషన్ చూసుకుంటున్నారు.

కిటికీ ఉన్న అదృష్టవంతులైతే కుర్చీ సర్దుకోండి. ఫ్యాను గాలి మీ వెనక నుంచి పేషెంటు వైపు, అటు నుంచి కిటికీలోంచి బయటికి పోవాలి. కళ్ళె శాంపిల్ బాత్రూంలో ఇవ్వమనకండి, టెర్రస్ మీదో ఆరుబయటో ఇప్పించండి. మాస్క్ లేకుండా టీబీ పేషెంటు దగ్గర డ్యూటీ చేసేశారని తర్వాత తెలిసిందనుకోండి, వెంటనే ఒక టెస్ట్, అది నెగటివ్ అయితే 8 నుంచి 10 వారాలకి ఇంకోటి. మర్నాడే చేయించుకుని నెగటివ్ వచ్చిందని నిశ్చింతగా ఉంటే లాభం లేదు, అంత త్వరగా తేలదు.

నిజంగా జబ్బే అని తేలితే దాచకండి. మామూలు టీబీకి ఆరు నెలల మందులు, సరిగ్గా వాడితే సాధారణంగా కొన్ని వారాల్లోనే ఇతరులకి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. ప్రైవేటులో చూపించుకున్నా టీబీ కేసులు రాసే ప్రభుత్వ పోర్టల్ నిక్షయ్‌లో నమోదు చేయాల్సిందే, కేసు ప్రభుత్వానికి తెలపడం 2012 నుంచి తప్పనిసరి. నమోదైతే పోషకాహారానికి నెలకి 1000 రూపాయలు అకౌంట్లో పడతాయి, జీతం వచ్చే సిస్టర్లకి కూడా. హాస్టల్ ఆంటీ సంగతి నాకు వదిలేయండి, ఇదివరకు ఇద్దరితో మాట్లాడా. ఒకావిడ ఒప్పుకుంది, ఇంకొకావిడ అడ్వాన్సు కూడా తిరిగివ్వలేదు.