పడిపోయిన వేపచెట్టు పొయ్యిలోకా, దర్వాజకా?

ఎండాకాలం గాలిదుమారానికి దేవరకొండ దగ్గర మా బావి కాడి వేపచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. తెల్లారేసరికి కట్టెల వ్యాపారి వచ్చి, మొత్తానికి గుత్తగా ఓ ధర చెప్పి, కోత ఖర్చు కూడా తనదే అన్నాడు. ఊళ్లో చాలామంది అలాగే ఇచ్చేస్తున్నారు. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. కొమ్మలు ఇవ్వండి, మొదలు మాత్రం ఇవ్వకండి.

పొయ్యి కట్టె తూకంలో పోతుంది, కలప కొలతలో పోతుంది. మా మొదలు చుట్టుకొలత 60 అంగుళాలు, తిన్నగా ఉన్న పొడవు 8 అడుగులు. సామిల్లు లెక్కలో చుట్టుకొలతను నాలుగో వంతు చేస్తారు, 15 వస్తుంది. దాన్ని మళ్లీ 15తో, తర్వాత పొడవుతో గుణించి 144తో భాగిస్తే పన్నెండున్నర ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో దాదాపు 16 ఉంటుంది. అంటే దుంగగా అమ్మితే ఐదో వంతుకు పైగా లెక్కలోకే రాదు. అదే మనమే కోయించుకుంటే, పొట్టూ అంచులూ పోయి సగమే మిగిలినా, గడపతో కలిపి 7 అడుగుల ఎత్తు, 3 అడుగుల వెడల్పు దర్వాజ చట్రాలు మూడు తయారవుతాయి. అయిదంగుళాల వెడల్పు, మూడంగుళాల మందం ఉన్న చెక్కతో ఒక్కోదానికి రెండు ఘనపుటడుగులకు కాస్త పైన పడుతుంది. ఇల్లు కట్టుకునేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

మా వడ్రంగి పెద్దాయన కోసిన ముఖం మీద నీళ్లు చల్లి చూపించాడు. నడుమ ఎర్రటి చేవ, చుట్టూ రెండు వేళ్ల మందాన తెల్లచెక్క. "చేవకు చెదలు జల్ది రావు బిడ్డా. తెల్లదాన్ని నమ్మొద్దు, పుచ్చుతది" అన్నాడు. బట్టల తీగ కోసం ఎప్పుడో కొట్టిన మేకు బెరడు లోపలికి పోయి ఉంటే, దాని చుట్టూ చెక్క నల్లబడింది. రంపం పళ్లు పోతాయని ఇళ్ల ముందరి చెట్లను మిల్లువాళ్లు అందుకే వద్దంటారు. మేమే ఆ ముక్క తీసేసి తీసుకెళ్లాం.

2021లో తెలంగాణ అంతటా వేపచెట్లు మాడిపోయినప్పటి నుంచి "రోగం చెట్టు, కలప పనికిరాదు" అనే మాట ఒకటి తిరుగుతోంది. ఆ శిలీంధ్రపు తెగులు ముఖ్యంగా ఆకులనూ లేత కొమ్మలనూ మాడుస్తుంది. మళ్లీ చిగురించిన చెట్లు ఎన్నో ఉన్నాయి. ఆ భయంతో మంచి మొదలును పొయ్యిపాలు చేయడం అన్యాయం.

అమెరికాలో ఉన్న మా తమ్ముడూ తన పెరట్లో కూలిన పైన్ చెట్లను మిల్లుకు అమ్మొచ్చా అని అడిగాడు. ఒకటి రెండు చెట్ల కోసం మిల్లువాళ్లు అంత దూరం లారీ పంపరు, అక్కడా మేకుల భయమే. పైగా ఎండాకాలంలో పైన్ దుంగను వదిలేస్తే కొన్ని వారాల్లోనే నీలి మరక పడుతుంది. బలం పెద్దగా తగ్గదు గానీ ధర పడిపోతుంది. అమ్మాలని చూడకు, ఇంటికొచ్చి కోసే చిన్న మిషన్‌వాళ్లు దొరికితే వెంటనే కోయించుకో అన్నాను.

మనకూ అదే మాట. దుంగను నేలమీద వానకు వదలొద్దు. కొసలకు పెయింటో పేడో పూసి త్వరగా కోయించి, పలకల మధ్య సన్న పట్టీలు పెట్టి నీడలో పేర్చాలి. ఎండలో పెడితే నిలువునా పగులుతుంది. ఆరడానికి అంగుళం మందానికి ఏడాది అనేది పాత లెక్క.

ఇంకొకటి, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం మన సొంత పొలంలో చెట్లకూ వర్తిస్తుంది. గాలికి పడ్డదే అయినా ట్రాక్టర్ ఎక్కించే ముందు అటవీ రేంజ్ ఆఫీసులో అడగండి. టేకుకైతే రవాణా పర్మిట్ తప్పదు.

మొదలులో తొర్ర ఉన్నా, వంకరగా ఉన్నా ఈ శ్రమంతా వద్దు. కట్టెలవాడికే ఇచ్చేయండి, అదీ పచ్చిగా ఉండగానే. ఎండితే తూకం తగ్గుతుంది.