రాజధాని తరలిపోయిన ఊరు

చంద్రగిరి రాజమహల్ ఎదుట పచ్చిక మీద కూర్చొని ఎన్నో సాయంత్రాలు గడిపినందువల్ల కావచ్చు, ఒకప్పుడు రాజధానిగా వెలిగి, తరువాత ఆ హోదా పోగొట్టుకున్న ఊళ్ళంటే నాకు మక్కువ. కిందటి అక్టోబరులో ఏథెన్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు, తను శాంతోరిని దీవికి టికెట్లు చూస్తుంటే, నేను పట్టుబట్టి నాఫ్ప్లియోకు బయలుదేరదీశాను. గ్రీసు స్వతంత్ర దేశమైన తొలినాళ్ళలో, 1834లో ఏథెన్స్‌కు తరలిపోయేదాకా, రాజధాని ఈ రేవు పట్టణమే. మూడేళ్ళ ముచ్చటగా ముగిసిన మన కర్నూలు కథ తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

బస్సులో రెండు గంటలకు పైగా ప్రయాణం. ఊరు దగ్గరపడుతుండగా దారికి రెండువైపులా నారింజ తోటలు, మన సీమలోని చీనీ తోటల్లాగే, ఇంకా పచ్చికాయలతో కనిపించాయి.

పాత ఊరి నడిబొడ్డున ఉన్న సింతగ్మా చౌకంతా పాలరాయి పరిచి ఉంది. ముందురోజు వాన కురిసిందేమో, అడుగడుగునా జారుతుందన్న భయంతోనే నడిచాను. చౌకుకు ఒక పక్కన వెనిస్ వారు 1713లో కట్టించిన ఆయుధాగారం నేడు పురావస్తు ప్రదర్శనశాలగా ఉంది; దాని సమీపాన ఉన్న తుర్కుల నాటి మసీదులో గ్రీకుల పార్లమెంటు సమావేశమయ్యేదట. కట్టినవారొకరు, వాడుకున్నవారు మరొకరు; ఈ ఊళ్ళో ఏ గోడను అడిగినా ఇదే కథ. అక్కడినుంచి కాగితపు పూల తీగలు కమ్ముకున్న సన్నని సందుల్లోకి మళ్ళాము. మేడల మధ్య తాళ్ళమీద ఆరేసిన దుప్పట్లను తప్పించుకుంటూ వెళ్ళి సెయింట్ స్పిరిడాన్ అనే చిన్న చర్చి ముందు ఆగాము.

దేశపు మొదటి పాలకుడు కపోదిస్త్రియాస్‌ను 1831 అక్టోబరు 9న, ఆదివారం ప్రార్థనకు వస్తుండగా, ఈ గుమ్మం దగ్గరే చంపారు. తమ ఇంటి పెద్దను ఆయన చెరలో పెట్టించాడన్న పగతో మావ్రోమిఖాలిస్ వంశీయులిద్దరు, ఆ పెద్దకు ఒకరు తమ్ముడు, మరొకరు కొడుకు, తుపాకితోనూ కత్తితోనూ దాడి చేశారు. గురి తప్పిన తూటా చేసిన గుంట తలుపు పక్క గోడలో ఇప్పటికీ ఉంది. దానికి చిన్న అద్దం బిగించారు. ఆ అద్దం మీద ఎందరివో వేలిముద్రలు మసకగా పేరుకున్నాయి. చింతగింజంత గుంట. దాని ముందు నిలబడినప్పుడు కలిగిన దిగులు అక్రోపోలిస్ స్తంభాల దగ్గర కలగలేదని చెప్పడానికి నాకు మొహమాటం లేదు.

మధ్యాహ్నం పలమీది కోట ఎక్కాము. సముద్ర మట్టానికి 216 మీటర్ల ఎత్తున వెనిస్ వారు 1711 నుంచి 1714 దాకా శ్రమించి కట్టిన కోట, మరుసటి ఏడాదే తుర్కుల వశమైంది. మెట్లు 999 అని ఊరివారు చెబుతారు. అలిపిరి నుంచి మూడున్నర వేల మెట్లెక్కే ఊరివాళ్ళం కనుక, ఇదొక లెక్కా అనుకొని బీరాలు పలికాను. అయితే మన దారికి చాలామేర పైకప్పు నీడ ఉంది, అడుగడుగునా పసుపు కుంకుమలద్దిన మెట్లున్నాయి, వెనకనుంచి తోసే గోవింద నామమూ ఉంది. ఇక్కడ నెత్తిన ఎండ, పక్కన లోయ మాత్రమే. నాలుగు వందలు దాటాక నా లెక్క తప్పింది, మా అమ్మాయి లెక్క నాకోసం ఆగి ఆగి తప్పింది.

పైన, స్వాతంత్ర్య సమర నాయకుడు కొలోకొత్రోనిస్‌ను స్వతంత్ర దేశమే బంధించి ఉంచిందని చూపించే గది ఉంది. నడుము వంచి దూరాల్సినంత చిన్న ద్వారం, లోపల చీకటి. బయటికొచ్చి చూస్తే కింద నీళ్ళ నడుమ బుర్జీ అనే బుల్లికోట. పందొమ్మిదో శతాబ్దంలో ఉరిశిక్షలు అమలుచేసే తలారులను ఊళ్ళో ఉండనివ్వక అక్కడ ఉంచేవారట.

సాయంత్రం రేవులో కాఫీ తాగుతుంటే, పక్క బల్ల దగ్గర ఒక ముసలాయన కొంబొలోయ్ పూసలను వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు. జపమాల కాబోలనుకున్నాను, ఊరికే పొద్దుపోవడానికట.

"నాన్నా, చంద్రగిరిలో ఆరుగంటలైతే గేటు దగ్గర ఈల వేసి పంపించేసేవాళ్ళు కదా" అంది మా అమ్మాయి. ఇక్కడ ఈల వేసేవారెవరూ లేరు. ఏథెన్స్ ఆఖరి బస్సుకు ఇంకా గంట ఉందని తెలిసి, మరో కాఫీ చెప్పాము.