చెకుముకి తుపాకీ కిట్టు, దాన్ని బిగించే చేతులు

పెట్టె విప్పి సామానంతా హాల్లో చాప మీద పరిచాను. 42 అంగుళాల పొడవున్న ఎనిమిది పలకల గొట్టం, గొట్టాన్ని పట్టి ఉంచే, సగం చెక్కిన మేపుల్ కొయ్య, చెకుముకి రాయి బిగించి నిప్పు రవ్వ పుట్టించే లాక్, మందు దట్టించే హికరీ కర్ర, ఒక సంచిలో ఇత్తడి సామాను, ఇంకో చిన్న సంచిలో మరలు, మేకులు. బిగించే విధానం చెప్పే కాగితం మాత్రం లేదు. పెన్సిల్వేనియాలోని లాంకస్టర్ పద్ధతిలో చేసే లాంగ్ రైఫిల్, అంటే పాతకాలపు పొడవాటి తుపాకీ, కిట్టు అది. విడిభాగాలు వస్తాయి, బిగించుకోవాల్సింది మనమే. గొట్టం లోపలి వ్యాసం అర అంగుళం.

నేను ఉండేది పెన్సిల్వేనియాలో, హ్యారిస్‌బర్గ్ దగ్గర. 18వ శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన పనివాళ్ళు ఈ చుట్టుపక్కలే కొలుములు పెట్టుకుని, తమ దేశపు పొట్టి వేట తుపాకీని పొడవుగా, సన్నగా మార్చారు. తర్వాత లోకం దానికి కెంటకీ రైఫిల్ అని పేరు పెట్టింది కానీ పుట్టిల్లు ఇదే. ఇక్కడ క్రిస్మస్ తర్వాత చెకుముకి తుపాకీతో మాత్రమే జింకల వేటకు వెళ్ళే సీజన్ ఒకటి ఉంది, 1974 నుంచి నడుస్తోంది. ఆఫీసులో ఒక మిత్రుడు తన తుపాకీ నా చేతిలో పెట్టిన రోజే నాకు ఆ పిచ్చి పట్టుకుంది.

కిట్టు అంటే నాలుగు మరలు బిగిస్తే అయిపోతుందని చాలామంది అనుకుంటారు. నేను అనుకోలేదు. మాది నిజామాబాద్ జిల్లా, కోనసముద్రానికి దగ్గరి ఊరు. ఒకప్పుడు పర్షియా వ్యాపారులు అంత దూరం వచ్చి కోనసముద్రం ఉక్కు కొనుక్కుపోయేవారు. మా తాతయ్య వడ్రంగి. బండి చక్రానికి ఆకులు దిగేసేటప్పుడు కొనకు బొగ్గు మసి రాసి, చక్రం నడిమి కుండలోకి దూర్చి, బయటికి తీసి, మసి అంటుకున్న చోట మాత్రమే ఉలితో గీకేవాడు. మళ్ళీ మసి, మళ్ళీ గీకుడు. ఒక్క దెబ్బ ఎక్కువైతే ఆ కట్టె పొయ్యిలోకే. ఆ ఓపిక నా చేతుల్లో లేదని నాకు తెలుసు. కాబట్టి చేయగలిగిన మనిషిని వెతకాలి.

ముందు చుట్టుపక్కల తుపాకీ షాపులకు వెళ్ళాను. వాళ్ళు బాగు చేసేది ఇప్పటి తుపాకులు, ఈ పని వాళ్ళది కాదు. తర్వాత ఒకాయన దొరికాడు, ధర తక్కువ చెప్పాడు, మూడు నెలలన్నాడు. ఆయన చేసిన పాత పని చూపించమని అడగకుండానే పెట్టె ఇచ్చేశాను. నేను చేసిన తప్పు అదొక్కటే, కానీ పెద్ద తప్పు. ఏడు నెలల తర్వాత సగం పనితో తిరిగిచ్చాడు. లాక్ చుట్టూ పోస్ట్‌కార్డు దూరేంత సందు. గొట్టం వెనక భాగం కొయ్యకు ఆనలేదు, మధ్యలో ఖాళీ ఉంది. పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా కొయ్య మీద పడాలి. అక్కడ ఖాళీ ఉంటే ఆ బలం ఒక్క మర మీదే పడి, కొయ్య పగులుతుంది. ఈ సంగతి నాకు అప్పుడు తెలియదు. సందు చూసే గుండె జారిపోయింది. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నజరెత్ ఊరి దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పెన్సిల్వేనియా లాంగ్‌రైఫిల్ మ్యూజియం ఉంది. ఆ ఊళ్ళోనే హెన్రీ కుటుంబం తరతరాలుగా తుపాకులు చేసింది. అక్కడి అద్దాల పెట్టెల ముందు ఒక మధ్యాహ్నమంతా నిలబడ్డాను. పాత తుపాకుల్లో ఇనుముకూ కొయ్యకూ మధ్య వెంట్రుక దూరదు. మంచి పని ఎలా ఉంటుందో కళ్ళకు తెలిసింది. ఆ తర్వాత ఒక మజిల్‌లోడర్ (మూతి నుంచి మందు దట్టించే తుపాకీ) క్లబ్ పోటీలకు వరసగా నాలుగు నెలలు వెళ్ళాను. బాగా ఉన్న తుపాకీ కనిపిస్తే చాలు, "ఇది ఎవరు చేశారండీ?" అని అడిగేవాణ్ణి. ముగ్గురు వేర్వేరుగా ఒకే పేరు చెప్పారు.

ఆయనకు డెబ్బై దాటాయి. ఇంటి వెనక కొట్టం, అందులో ఒక బల్ల, గోడ నిండా ఆకురాళ్ళు, ఉలులు. కిట్టు అనగానే తల అడ్డంగా ఊపాడు. "నేను మొదటి నుంచి సొంతంగా చేసే తుపాకుల కోసమే జనం రెండేళ్ళ వరసలో ఉన్నారు. కిట్టులో కొయ్య ఆకారం ఇంకెవరో ముందే తేల్చేశారు. పైగా ఇంకొకరు చెయ్యి పెట్టిన పని దిద్దడం, మొదటి నుంచి చేయడం కన్నా కష్టం" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. నేను వాదించలేదు. చూసి చెప్పండి చాలు అన్నాను.

లాక్ ఊడదీశాడు, గొట్టం పైకెత్తాడు, టార్చి పెట్టి చాలాసేపు చూశాడు. చివరికి గొట్టం పక్కన వేలు పెట్టి అడిగాడు: "ఈ చిల్లి వేయలేదా?" నిప్పు లోపలి మందుకు చేరే చిల్లి అది. లాక్ మీద మందు పోసే పళ్ళేనికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. తప్పుచోట పడితే గొట్టానికి నష్టం, అంటే అన్నిటికన్నా ఖరీదైన భాగానికి. మొదటి ఆయన అంతవరకు రాలేదు. "అయితే కొయ్యను కాపాడొచ్చు" అన్నాడు. ఆ మాటకు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కూలీ 2,400 డాలర్లు, మూడు విడతల్లో. తొమ్మిది నెలలు. ఏం చేయాలో, ఏం చేయకూడదో ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరం సంతకాలు పెట్టాం. నా చెయ్యి కొలిచి, కొయ్యను భుజానికి ఆనే మడమ వైపు అర అంగుళం తగ్గించాలన్నాడు. కొయ్య మీద చెక్కుడు పని వద్దన్నాను, ఇత్తడి సాదాగా ఉంటే చాలు.

నెలకోసారి శనివారం వెళ్ళేవాణ్ణి. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆయన నూనె దీపం వెలిగించి గొట్టం అడుగుకు మసి పట్టిస్తున్నాడు. కొయ్యలో దింపి, చిన్న సుత్తితో తట్టి, పైకి తీసి, నల్లటి మచ్చలను గీకుతున్నాడు. నేను మాట రాక నిలబడిపోయాను. తర్వాత మా తాతయ్య సంగతి చెప్పాను. ఆయన పని ఆపి, చక్రం ఆకుల గురించి అరగంట అడిగాడు. ఏ కట్టె, ఎన్ని ఆకులు, ఇనప పట్టా వేడి చేసే తొడిగేవారా అని. తుమ్మ కట్టె అని చెప్పాను, వేడి చేసే తొడిగేవారన్నాను. ఆ రోజు నుంచి నాకు కొట్టంలో ఒక స్టూలు దొరికింది.

లాక్ చుట్టూ ఉన్న సందును అదే కొయ్య ముక్క నుంచి తీసిన సన్నటి చీలికలతో, చారలు కలిసేలా పూడ్చాడు. గొట్టాన్ని వెనక్కి జరిపి ఆనించాక లాక్ చోటు మళ్ళీ సరిచూసి, అప్పుడు గానీ చిల్లి వేయలేదు. రంగు వేసే రోజు నన్ను ప్రత్యేకంగా పిలిచాడు. ఇనుము కరిగించిన నత్రికామ్లం పాలిపోయిన మేపుల్ మీద పూసి, వేడిగాలి పట్టించాడు. కొయ్య మొదట ఆకుపచ్చగా, అసహ్యంగా మారింది. ఇంకాస్త వేడి తగిలేసరికి ఎర్రటి గోధుమ రంగులోకి తిరిగి, పులి చారలు పైకి లేచాయి. తర్వాత అవిసె నూనె, పూత మీద పూత, వారాల పాటు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో 1968 నాటి కేంద్ర చట్టం నల్లటి తుపాకీ మందుతో (బ్లాక్ పౌడర్) పేలే ఇలాంటి తుపాకులను మామూలు తుపాకులుగా కాక పురాతన ఆయుధాల కింద లెక్కగట్టింది. అందుకే కిట్టు నేరుగా ఇంటికొచ్చింది. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, వీసా మీద ఉన్నవాళ్ళు లాయరును అడగకుండా అడుగు వేయొద్దు. మన దేశంలోనైతే గొట్టంలో మందు దట్టించే తుపాకీకి కూడా లైసెన్సు ఉండాల్సిందే. ఊళ్ళో ఉన్న తమ్ముడు ఉత్సాహపడితే అదే చెప్పాను. ఇంకొకటి, ఇందులో ఆ బ్లాక్ పౌడర్ తప్ప ఇప్పటి పొగలేని మందు వేయకూడదు. గొట్టం బద్దలవుతుంది.

మొదటిసారి పేల్చింది ఆయనే, తుపాకీని పాత టైరుకు కట్టి, ట్రిగ్గరుకు తాడు కట్టి, చెట్టు చాటు నుంచి. మూడుసార్లు అలా పేల్చాక గొట్టం, కొయ్య అంతా తడిమి చూసి నా చేతికిచ్చాడు. చెకుముకి రవ్వ, పళ్ళెంలో మంట, దాని వెంటే పేలుడు. మూడూ నాకు ఒక్క చప్పుడుగా వినిపించాయి. లాక్ బాగా కుదిరిందనడానికి అదే గుర్తట. తెల్లటి పొగ కమ్మేసి, గుండు ఎక్కడ తగిలిందో చూడ్డానికి ఆగాల్సి వచ్చింది.

"ఈ రాత్రికే కడగాలి, రేపటికి తుప్పు పడుతుంది" అని చెప్పి పంపాడు. ఇంటికొచ్చి బకెట్లో గోరువెచ్చని నీళ్ళు పెట్టి, కర్రకు గుడ్డ చుట్టి గొట్టం కడిగాను. నీళ్ళు కాటుకలా నల్లగా వచ్చాయి. ఫోనులో వీడియోలో ఉన్న అమ్మ "ఇంట్లో తుపాకీ ఏందిరా?" అని కోప్పడుతూనే ఉంది. మా అమ్మాయి వచ్చి వాసన పీల్చి, "దీపావళి వాసన నాన్నా" అంది. నిజమే, అదే గంధకం. నాలుగోసారికి నీళ్ళు తేటగా వచ్చాయి. ఆరబెట్టి, నూనె గుడ్డ దూర్చి, గోడకు ఆనించాను.