94 శాతం పైలట్లు వద్దన్న ఒప్పందం

2022 నవంబర్ 1న యునైటెడ్ ఎయిర్‌లైన్స్ పైలట్ల ఓట్లు లెక్కపెడితే, యాజమాన్యంతో కుదిరిన ముసాయిదా ఒప్పందం వద్దని 94 శాతం మంది చెప్పినట్టు తేలింది. అందులో ఏడాదిన్నరలో 14.5 శాతం జీతం పెంపు ఉంది. లక్షల డాలర్లు సంపాదించేవాళ్లకి ఇంకా ఏం కావాలి అని అప్పుడూ అడిగారు, ఇప్పటికీ ఎక్కడ పైలట్ల జీతాల మాట వచ్చినా అదే అడుగుతారు. నాకు మాత్రం ఆ ఓటు చాలా సరైనదనిపించింది.

మనలో ఐటీలో ఉన్నవాళ్లకి జీతం నచ్చకపోతే ఏం చేస్తాం? చేతిలో ఇంకో ఆఫర్ పెట్టుకుని వెళ్లిపోతాం. అమెరికా పైలట్‌కి ఆ దారి దాదాపు లేదు. అక్కడ అంతా సీనియారిటీ నంబర్ మీదే, అంటే ఆ కంపెనీలో చేరిన వరుస మీదే నడుస్తుంది: ఏ విమానం నడపాలి, ఏ ఊరి నుంచి డ్యూటీ మొదలవ్వాలి, సంక్రాంతికో క్రిస్మస్‌కో సెలవు దొరుకుతుందా, కెప్టెన్ ఎప్పుడవుతారు, అన్నీ. ఇరవై ఏళ్లు ఒక ఎయిర్‌లైన్‌లో పనిచేసిన కెప్టెన్ పక్క కంపెనీకి వెళ్తే, నిన్న చేరిన కుర్రాడి వెనకాల నిలబడి మొదటి ఏడాది జీతంతో మళ్లీ మొదలుపెట్టాలి. అంటే ఒకసారి చేరాక వాళ్ల జీవితం ఎలా ఉంటుందో చెప్పేది ఆ ఒప్పందమే, దాని మీద వాళ్లకున్న అధికారం ఆ ఓటే.

సమ్మె చేయొచ్చు కదా అంటారు. అమెరికాలో విమానయానం కూడా 1926 నాటి రైల్వే లేబర్ యాక్ట్ కిందికే వస్తుంది, 1936లో చేర్చారు. దాని ప్రకారం ఒప్పందానికి గడువు తీరడం అంటూ ఉండదు, ‘సవరించుకోవచ్చు’ అనే తేదీ వస్తుంది అంతే, కొత్తది కుదిరేదాకా పాతదే నడుస్తూ ఉంటుంది. సమ్మె చేయాలంటే ప్రభుత్వ మధ్యవర్తిత్వ బోర్డు ఇక మావల్ల కాదని వదిలేయాలి, ఆ తర్వాత ఇంకో 30 రోజులు ఆగాలి, అప్పటికీ అధ్యక్షుడు ఆపేయొచ్చు. 1997 ఫిబ్రవరిలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు సమ్మె మొదలుపెట్టిన కొన్ని నిమిషాలకే క్లింటన్ ఆపించారు. అందుకే ముసాయిదా చేతికొచ్చినప్పుడు వేసే ‘వద్దు’ ఓటుకి అంత బరువు.

ఇక ఆ శాతాల సంగతి. పేపర్లలో హెడ్డింగ్ ఎప్పుడూ జీతం పెంపే. పైలట్ ఇంట్లో అసలు గొడవ ఒప్పందంలోని వేరే పేజీల గురించి జరుగుతుంది. రిజర్వ్‌లో ఉంటే ఎప్పుడు ఫోన్ వచ్చినా బయల్దేరాలి, మరి ఎంత టైమ్ ముందు చెప్పాలి? సెలవు రోజున బలవంతంగా డ్యూటీ వేయొచ్చా, వేస్తే ఎంత ఇవ్వాలి? నాలుగు రోజుల ట్రిప్‌ని మధ్యలో మార్చేసి ఐదో రోజుకి లాగొచ్చా? జీతం లెక్క ప్రధానంగా విమానం కదిలిన గంటల మీదే కాబట్టి, ఎయిర్‌పోర్ట్‌లో కూర్చున్న గంటల సంగతేంటి? యునైటెడ్‌లో చాలామంది ఫస్ట్ ఆఫీసర్లు (కో-పైలట్లు) కెప్టెన్ అయ్యే అవకాశం వచ్చినా వద్దనుకున్నారు. ప్రమోషన్ తీసుకుంటే కెప్టెన్లలో అట్టడుగుకి చేరి, రిజర్వ్‌లో పడి, పిల్లల పుట్టినరోజుకి ఇంట్లో ఉంటారో లేదో తెలియని పరిస్థితి. అంత జీతం పెరుగుతున్నా మనిషి వద్దంటున్నాడంటే ఆ రూల్స్ ఎంత టెన్షన్ పెడుతున్నాయో చూడండి.

పాత గాయం కూడా ఉంది. యునైటెడ్ 2002 డిసెంబర్‌లో దివాలా రక్షణకి వెళ్లింది, జీతాలు కోసింది, 2005లో పెన్షన్ పథకాలను ప్రభుత్వ బీమా సంస్థ మీదికి వదిలేసింది. కష్టకాలంలో ముందు మన జేబులోంచే తీశారు అని ఆ తరం పైలట్లు కొత్తవాళ్లకి చెప్తూనే ఉంటారు, చెప్పాలి కూడా.

ఓటు తర్వాత ఏమైంది? 2022 డిసెంబర్‌లో ఇంకో అమెరికా ఎయిర్‌లైన్ డెల్టా నాలుగేళ్లలో 34 శాతం పెంపుకి ఒప్పుకుంది, 2023 మార్చి 1న అక్కడి పైలట్లు 78 శాతంతో ఆమోదించారు. దాంతో మిగతా అందరి లెక్కా మారిపోయింది. 2023 జులైలో యునైటెడ్ పైలట్లకి కొత్త ఒప్పందం కుదిరిందని తెలియగానే అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల యూనియన్ తమ ఓటింగ్ ఆపేసింది, కంపెనీ ఇంకో వంద కోట్ల డాలర్లకు పైగా కలపాల్సి వచ్చింది. సెప్టెంబర్‌లో యునైటెడ్ పైలట్లు 82 శాతంతో సరే అన్నారు. నాలుగేళ్లలో 40 శాతం దాకా పెంపు, రిజర్వ్ నియమాల్లోనూ మార్పులు. దాదాపు పదకొండు నెలల ముందు ఆ 14.5 శాతానికి తలూపి ఉంటే ఇది వచ్చేది కాదు.

అలాగని ఎప్పుడూ వద్దనడమే మంచిదని నేననను. వద్దంటే పాత జీతంతోనే ఎదురుచూడాలి, ఈలోపు ఏం జరుగుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు. కోవిడ్‌కి ముందు మొదలైన చర్చలు 2020లో ఎలా ఆగిపోయాయో అందరం చూశాం. 2022లో కాలం పైలట్ల వైపుంది: ముందస్తు రిటైర్మెంట్ ఇచ్చి సీనియర్లను పంపేసిన కంపెనీలకి, ప్రయాణికులు తిరిగొచ్చేసరికి విమానాలు నడిపేవాళ్లు చాలలేదు. మొత్తం చదివి, కాలం చూసి, ఇంట్లో మాట్లాడుకుని సరే అన్నవాళ్లని పిరికివాళ్లంటే నేనొప్పుకోను. 2024 అక్టోబర్‌లో ఎయిర్ కెనడా పైలట్లు 67 శాతంతో ఆమోదించారు. మొత్తం 42 శాతం దాకా పెంపున్నా మూడో వంతు మంది వద్దన్నారంటే వాళ్ల బాధ కూడా వినాలి. అంతకుముందు 2014లో చేసుకున్నది పదేళ్ల ఒప్పందం మరి, ఆ పదేళ్లలో ధరలు ఎక్కడికి వెళ్లాయి!

మన దగ్గర 2024 ఏప్రిల్‌లో విస్తారా గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఎయిర్ ఇండియాలో విలీనానికి ముందు ఎన్ని గంటలు ఎగిరినా ఇచ్చే గ్యారంటీ జీతాన్ని నెలకి 70 గంటల నుంచి 40 గంటలకి తగ్గిస్తూ కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. చాలామంది సిక్ లీవ్ పెట్టారు, విమానాలు రద్దయ్యాయి, కంపెనీ కొన్నాళ్లు సుమారు పది శాతం సర్వీసులు తగ్గించుకుంది. అయినా కొద్ది రోజుల్లోనే దాదాపు అందరూ సంతకాలు పెట్టేశారు. ఎందుకంటే అక్కడ ఓటు లేదు, ఎవరి కాగితం మీద వాళ్లు విడివిడిగా పెట్టే సంతకమే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ విమానం ఎక్కినప్పుడు ముందు కూర్చుని నడిపేవాళ్లకి కూడా కనీసం ఒక బ్యాలెట్ ఉండాలని నా కోరిక.

డెల్టా ఒప్పందం సవరణకొచ్చే తేదీ 2026 డిసెంబర్ 31. ఆ ముసాయిదా బయటికొస్తే జీతాల పట్టిక పక్కన పెట్టి రిజర్వ్ సెక్షన్ ముందు చదవండి.