గటక, ఉలవచారు, ట్రైగ్లిజరైడ్స్: మూడో రిపోర్టు

నా కొలెస్ట్రాల్ టెస్టు మూడో రిపోర్టు వచ్చింది. ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 123, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని మరో రకం కొవ్వు) 158, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 39. మొదటిసారి ఇవే 148, 212, 38. మందులకు ముందు కొన్నాళ్లు తిండి మార్చి చూద్దామని డాక్టరే అన్నారు. పాలమూరు పాత వంటలు నేర్చుకోవాలన్న సరదా నాకు ముందునుంచీ ఉంది, ఇప్పుడు దానికి లెక్క తోడైంది.

అన్నీ ఒకేసారి మారిస్తే దేనివల్ల ఏది కదిలిందో తెలియదు. అందుకే మొదటి విడతలో అన్నం జోలికి పోలేదు. మటన్ పండుగలకే, అంటే దసరాకో కురుమూర్తి జాతరకో. పామాయిల్ బదులు పల్లినూనె, కుసుమ నూనె. పామాయిల్‌లో దాదాపు సగం సంతృప్త కొవ్వే, పల్లినూనెలో అది ఐదో వంతుకు అటూఇటూ. ఆ కొవ్వు ఎక్కువైతే రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లివర్ తీసుకోవడం తగ్గుతుంది. రోజూ ఒక పూట ఉలవలో, బబ్బెర్లో. వాటిలో నీళ్లలో కరిగే పీచు పేగులో పైత్యరసాన్ని పట్టుకుని బయటికి పంపేస్తుంది. మళ్లీ పైత్యరసం చేసుకోవడానికి లివర్ రక్తంలోని కొలెస్ట్రాల్‌నే వాడుకోవాలి. అందుకే ఉలవలు రాత్రి నానబెట్టి ఉడికించాక కట్టు ఒక్కటే చారు కాచి ఊరుకోను, గింజలు గుగ్గిళ్లు చేస్తాను. పీచంతా అందులోనే ఉంది మరి.

రెండో రిపోర్టులో ఎల్‌డీఎల్ 126కు దిగింది. ట్రైగ్లిజరైడ్స్ మాత్రం 205. ఇది నా ఒక్కడి కథ కాదు. 2023లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో 30 ప్రయోగాలను కలిపి చూశారు. శాకాహారం తిన్నవాళ్లలో ఎల్‌డీఎల్ సుమారు పది శాతం తక్కువ, ట్రైగ్లిజరైడ్స్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తెల్లన్నం కుప్పగా పెట్టుకుని, మీద పప్పుచారు పోసుకుంటే అది కూడా శాకాహారమే కదా! ఒంటికి మించిన పిండిపదార్థాన్ని లివర్ కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది.

రెండో విడత అన్నం మీదే. మధ్యాహ్నం జొన్న రొట్టెలు రెండు, రాత్రి జొన్న రవ్వ ఉడికించి చేసే గటక. రొట్టె దగ్గరే పని ఎక్కువ. జొన్నలో గోధుమకున్న జిగురు ఉండదు కాబట్టి చల్లనీళ్లతో కలిపితే అంచులు పగులుతాయి. "నీళ్లు కళపెళ మసలాలె కొడుకా, అప్పుడే పిండి పట్టుకుంటది" అంటుంది అమ్మ. ముద్దను అరచేత్తో బాగా రుద్ది, పొడిపిండి చల్లుకుని తట్టాలి. పెనం మీద వేశాక పైన తడిబట్టతో అద్ది, అది ఆరిన తర్వాతే తిప్పాలి. పిండి కొద్దికొద్దిగా పట్టించుకోవాలి, పాతబడితే చేదెక్కుతుంది. గటకకు జొన్న రవ్వ ఒక గ్లాసుకు నీళ్లు నాలుగు. పిండి కన్నా రవ్వ నిదానంగా అరుగుతుంది. పక్కన పుంటికూర, ఎల్లిపాయ కారం.

ఒక మాట. మన పెద్దలు గటక తిన్నది గుండె కోసం కాదు, బియ్యం కొనే స్తోమత లేక. 1983లో రెండు రూపాయల బియ్యం వచ్చాక జొన్న వెనక్కి పోయింది. పైగా వాళ్లు దినమంతా చేన్లో వంగి పని చేసేవాళ్లు. నేను కుర్చీలో కూర్చుంటా. కాబట్టి "పాతకాలం తిండి తింటే చాలు" అనే వీడియోలను నేను నమ్మను.

టెస్టు సంగతి. ప్రతిసారీ ఒకే ల్యాబ్, పన్నెండు గంటలు ఏమీ తినకుండా. జ్వరం వచ్చి తగ్గిన వారంలో వద్దు, అంకెలు తారుమారవుతాయి. చాలా రిపోర్టుల్లో ఎల్‌డీఎల్ నేరుగా కొలిచింది కాదు. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతునూ తీసేస్తారు. నాది 194 లోంచి 39, 32 పోగా 123. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్కను నమ్మలేం.

ఎల్‌డీఎల్ వంద లోపుకు ఇంకా రాలేదు. మందు సంగతి డాక్టర్ చూసుకుంటారు. ఈలోగా బాలానగర్ సీతాఫలాల సీజన్, తర్వాత ఈత కల్లు. తీపీ, కల్లూ రెండూ ట్రైగ్లిజరైడ్స్‌నే పెంచేవి. నాలుగో టెస్టు అవి దాటాక చేయిస్తా. పండు రోజుకొకటి, కల్లు ఊరికి పోయినప్పుడే అని ఇంట్లో ఇప్పటికే చెప్పేశారు.