ఐదు నెలల ఉద్యోగం పోతే ఈఎస్ఐ నుంచి డబ్బు వస్తుందా?

ఏప్రిల్ వచ్చిందంటే విశాఖలో గాజువాక, కూర్మన్నపాలెం వైపు చాలామందికి ఇదే టెన్షన్. మార్చి 31తో కాంట్రాక్టు అయిపోతుంది, కొత్త కాంట్రాక్టరు పాతవాళ్లని తీసుకుంటాడో లేదో తెలియదు, ఇంటి అద్దె మాత్రం ఐదో తారీఖుకి కట్టాల్సిందే. నేను ఆటోనగర్‌లో ఒక చిన్న యూనిట్‌లో జీతాలు, పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) లెక్కలు చూస్తాను కాబట్టి మా వీధిలోవాళ్లు ఈ సంగతులు నన్నే అడుగుతుంటారు. ఈసారి మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది. అచ్యుతాపురంలో బట్టల కంపెనీలో మూడేళ్లకు పైగా చేసింది, వాళ్లమ్మకి ఆపరేషన్ అని జూలై ఆఖర్న మానేసింది, మూడు నెలలు ఇంట్లో ఉండి నవంబరులో ఒక రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో కాంట్రాక్టరు కింద చేరింది, మార్చి ఆఖరుకి ఆ పనీ అయిపోయింది. "ఐదు నెలలు చేసినదానికి ఏటిస్తారక్కా, అడగడం కూడా దండగేనేమో" అంది. దండగ కాదమ్మా అని కూర్చోబెట్టి చెప్పాను. ఆమెకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక గందరగోళం తీసేద్దాం. మన రాష్ట్రంలో నిరుద్యోగ భృతి అనగానే 2018 అక్టోబరు 2న మొదలైన ముఖ్యమంత్రి యువనేస్తమే గుర్తొస్తుంది. అది డిగ్రీ, డిప్లొమా చదివిన 22 నుంచి 35 ఏళ్ల వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన డబ్బు, మొదట్లో నెలకు వెయ్యి రూపాయలు. దానికీ నేను చెప్పబోయేదానికీ సంబంధం లేదు. పీఎఫ్ కూడా వేరు, అది మన జీతంలోంచి, యజమాని వాటాలోంచి పోగైన మన సొంత డబ్బు. నేను చెప్పేది ఈఎస్ఐ కార్పొరేషన్ వాళ్ల అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన. ఇది 2018 జూలై 1 నుంచి ఉంది. జీతం స్లిప్పులో ఈఎస్ఐ అని 0.75 శాతం కోత కనబడుతుంది కదా, 14 వేల జీతానికి 105 రూపాయలు, దానిమీద యజమాని ఇంకో 3.25 శాతం అంటే 455 వేస్తాడు. ఆ కోత కట్టినవాళ్లకు పని పోతే కొన్నాళ్లపాటు కొంత డబ్బు ఇచ్చే పథకం ఇది. అంటే ఇది దయతో ఇచ్చేది కాదు, నెలనెలా కట్టినదానికి ఉన్న హక్కు. మనవాళ్లు ఆఫీసు మెట్లెక్కడానికి మొహమాటపడుతుంటారు కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు అసలు రూలు. పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్ఐ కింద ఉద్యోగం చేసి ఉండాలి. అది కాక రోజుల లెక్క ఒకటుంది. ఈఎస్ఐ వాళ్లు సంవత్సరాన్ని రెండు ముక్కలు చేస్తారు: ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబరు 30 దాకా ఒకటి, అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇంకోటి. వీటిని కంట్రిబ్యూషన్ (చందా) పీరియడ్లు అంటారు. పని పోవడానికి సరిగ్గా ముందున్న పీరియడ్‌లో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి, అంతకు ముందరి మూడు పీరియడ్లలో ఏదో ఒకదాంట్లో మళ్లీ 78 రోజులు ఉండాలి. మొదట్లో ఇంకా కఠినంగా ఉండేది, నాలుగు పీరియడ్లలోనూ 78 ఉండాలనేవారు, ఇచ్చేది కూడా సగటు సంపాదనలో 25 శాతమే, పైగా పని పోయాక 90 రోజులు ఆగాలి. 2020లో కరోనా టైములో దీన్ని సడలించి 50 శాతం చేశారు, ఆగాల్సిన గడువు 30 రోజులకు తగ్గించారు, యజమాని ద్వారా కాకుండా మనమే నేరుగా అప్లై చేసుకునే వీలిచ్చారు. యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసి 25 శాతమే అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అయితే ఈ సడలింపును ఎప్పటికప్పుడు గడువు పెట్టి పొడిగిస్తూ వచ్చారు కాబట్టి అప్లై చేసేముందు ఈఎస్ఐ బ్రాంచ్ ఆఫీసులో తాజా ఆర్డరు ఏ తారీఖు దాకా ఉందో అడిగి తీరాలి.

ఈ 78 అన్న అంకెలోనే చిన్న ఉద్యోగాల కథంతా ఉంది. నెలకు 26 రోజులు పని అనుకుంటే సరిగ్గా మూడు నెలలు. నవంబరు నుంచి మార్చి దాకా చేసిన మా వీధి అమ్మాయికి 130 రోజుల దాకా వస్తాయి, ఏ ఇబ్బందీ లేదు. అదే ఆమె సంక్రాంతి అయ్యాక చేరి ఉంటే? జనవరి 15 నుంచి మార్చి 31 దాకా క్యాలెండరు రోజులు లెక్కపెట్టినా 76. ఒక్కరోజు కూడా సెలవు పెట్టకపోయినా సరిపోదు. అంతకుముందు మూడేళ్లు కట్టినా, చివరి పీరియడ్‌లో ఆ రెండు రోజులు తక్కువైనందుకు అర్హత పోతుంది. అందుకే చిన్న ఉద్యోగమే కదా అని తీసిపారేయొద్దంటాను. చిన్న ఉద్యోగం ఒక్కదానితోనే ఏమీ రాదు, రెండేళ్ల షరతు అడ్డొస్తుంది. కానీ వెనకాల పాత ఉద్యోగం ఉంటే మాత్రం అర్హత ఉందో లేదో తేల్చేది చాలాసార్లు ఈ చివరి చిన్న ఉద్యోగమే. మార్చిలో నాలుగు రోజులు సెలవు పెడదామా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ముందు రోజులు లెక్కపెట్టుకోవాలి.

మధ్యలో మూడు నెలలు ఇంట్లో ఉంది కదా, అది దెబ్బకొట్టదా అని ఆమె అడిగింది. మిగిలిన మూడింటిలో ఒక్కదాంట్లో 78 చాలు అన్నారంటేనే మధ్యలో ఖాళీలుంటాయని రూలు రాసినవాళ్లకి తెలుసు. పైగా ఆమెకి ఏప్రిల్ నుంచి జూలై దాకా చేసిన నాలుగు నెలలతో అంతకుముందు పీరియడ్ కూడా నిండింది. ఖాళీ దెబ్బకొట్టేది డబ్బు దగ్గర. నాలుగు పీరియడ్లలో వచ్చిన మొత్తం సంపాదనను 730తో భాగిస్తారు. మనం ఎన్ని రోజులు పనిచేశామన్నది ఇక్కడ చూడరు, రెండేళ్లలో ఉన్న రోజులన్నిటితో భాగిస్తారు. ఆమె జీతం 14 వేలు, ఈ రెండేళ్లలో పనిచేసింది 21 నెలలు, మొత్తం 2,94,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 402 రూపాయల చిల్లర, అందులో సగం 201. అలా గరిష్ఠంగా 90 రోజులకు దాదాపు 18,100 వస్తుంది. ఖాళీ లేకుండా చేసి ఉంటే 20,700 దాకా వచ్చేది. జీవితంలో ఒక్కసారే ఇస్తారు, మొత్తమ్మీద 90 రోజులకు మించదు. రెండు నెలల్లో ఇంకో పని దొరికేలా ఉంటే ఇప్పుడే వాడుకోవాలా, దాచుకోవాలా అన్నది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం. మా అమ్మాయి పరిస్థితికి ఇప్పుడే తీసుకోమన్నాను, మందుల ఖర్చు నెత్తిమీద ఉన్నప్పుడు రేపటికని దాచుకోవడమేంటి.

ఇదంతా బాగానే ఉంది, కానీ ఆమె ఫోన్‌లో ఈఎస్ఐ పోర్టల్ తెరిచి చూస్తే నాకు గుండె జారిపోయింది. పేరు, నంబరు, కింద నెలవారీగా రోజులు, జీతం, చందా అని వరుసలు ఉంటాయి. నవంబరు, డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి, మార్చి, అంతే. ఐదు వరుసల కింద ఖాళీ. బట్టల కంపెనీలో చేసిన మూడేళ్లు ఎక్కడా లేవు. సంగతేమిటంటే కాంట్రాక్టరు మనిషి ఆమెని పాత ఈఎస్ఐ నంబరు అడగలేదు, ఆధార్ జిరాక్స్ తీసుకుని కొత్త నంబరు వేసేశాడు. బట్టల కంపెనీలో పేరు పొట్టిగా రాయించి ఉంది, రెండూ కలవలేదు. కంప్యూటరు దృష్టిలో ఆమె ఐదు నెలల క్రితమే మొదటిసారి పనికి వచ్చిన మనిషి. ఈ స్థితిలో అప్లై చేస్తే రెండేళ్లు లేవని తిప్పి కొట్టేస్తారు, వాళ్లను తప్పు పట్టడానికి కూడా ఉండదు.

ఈఎస్ఐ నంబరు మనిషికి ఒకటే ఉండాలి, ఎన్ని కంపెనీలు మారినా అదే నడవాలి. కొత్తచోట చేరేరోజే పాత పెహచాన్ కార్డు (ఈఎస్ఐ గుర్తింపు కార్డు) కాపీ ఇచ్చి, ఈ నంబరు మీదే వెయ్యండి అని చెప్పాలి, వేశారో లేదో మొదటి నెల గడిచాక చూసుకోవాలి. ఒక నెల చందాను యజమాని తర్వాతి నెల 15వ తారీఖులోగా కట్టాలి, అంటే 20వ తారీఖుకి మన లాగిన్‌లో ఆ నెల కనబడకపోతే అడగాల్సిందే. ఇప్పటికే రెండు నంబర్లు పడిపోతే, రెండు నంబర్లూ, ఆధార్, పాత జీతం స్లిప్పులూ పట్టుకుని బ్రాంచ్ ఆఫీసుకి వెళ్లి రెండూ ఒకే మనిషివని రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోవాలి. మా అమ్మాయి పాత స్లిప్పులన్నీ బీరువాలో దాచుకుంది, దానివల్ల పని సగం తేలికైంది. స్లిప్పులు పారేసే అలవాటున్నవాళ్లు దయచేసి మానుకోండి, కనీసం ఫోటో తీసి పెట్టుకోండి.

ఇక పని ఎలా పోయింది అన్నది. తప్పు చేసి తీసేస్తే రాదు, రిటైరైతే రాదు, వీఆర్ఎస్ తీసుకుంటే రాదు, మనంతట మనమే పని వదిలేసి వెళ్లిపోతే రాదు. కాంట్రాక్టు గడువు తీరి ఖాళీ అవడం ఈ జాబితాలో లేదు. కానీ కాగితం మీద ఏముందో అదే చూస్తారు. మేము నెలనెలా చందా వేసేటప్పుడు ఒక మనిషికి సున్నా రోజులు పడితే కారణం ఎంచుకోమని పోర్టల్ అడుగుతుంది. లెఫ్ట్ సర్వీస్, రిట్రెంచ్‌మెంట్ (మనుషుల్ని తగ్గించడానికి తీసేయడం), నో వర్క్, ఇలా వరుసగా ఉంటాయి, ఆఖరి పనిదినం తారీఖు కూడా వేయమంటుంది. పని ఒత్తిడిలో ఉన్న క్లర్కు అందరికీ లెఫ్ట్ సర్వీస్ అని కొట్టేసి పోతాడు, ఆ ఒక్క క్లిక్కుతో పంపించేసిన మనిషి తనే వెళ్లిపోయినట్టు రికార్డవుతుంది. అదికాక లెక్క సెటిల్ చేసేటప్పుడు "సొంత కారణాల వల్ల మానేస్తున్నాను" అని రాసిచ్చిన కాగితం మీద సంతకం పెట్టించుకునే కాంట్రాక్టర్లున్నారు. ఆఖరి నెల జీతం చేతిలో పడాలన్న తొందరలో అందరూ పెట్టేస్తారు. పెట్టొద్దు. కాంట్రాక్టు ముగిసింది అని రాయమనండి, ఆఖరి తారీఖుతో ఒక కాపీ మీరు తీసుకోండి. ఇది యజమానికి పైసా ఖర్చులేని పని. ఈ రెండు మాటలు సరిగ్గా రాయనందుకు ఒక ఇంటికి 18 వేలు పోతే నాకు చాలా బాధగా ఉంటుంది, లెక్కలు రాసేవాళ్లం మనమే శ్రద్ధ పెట్టాలి.

పని పోయిన 30 రోజుల తర్వాత పోర్టల్‌లో మన లాగిన్ నుంచి క్లెయిమ్ వెయ్యాలి, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ దగ్గర పెట్టుకోవాలి. పని పోయిన నాటి నుంచి ఏడాదిలోపు వెయ్యాలి, ఆ తర్వాత వేస్తే చెల్లదు. ఈలోగా వేరే ఉద్యోగంలో చేరితే ఆ రోజు నుంచి డబ్బు ఆగిపోతుంది, దాచిపెట్టి తీసుకుంటే కేసు అవుతుంది కాబట్టి ఆ ఆలోచనే వద్దు. రెండుచోట్ల పనిచేస్తూ ఒకచోట పోయినవాళ్లని కూడా నిరుద్యోగిగా లెక్కేయరు. జీతం 21 వేలు దాటినవాళ్లకు ఈఎస్ఐయే ఉండదు. మధురవాడ, రుషికొండ ఆఫీసుల్లో పాతిక వేలకు చేరిన పిల్లలకు ఆర్నెల్లకే ఉద్యోగం పోతే ఈ ఆసరా కూడా లేదు, ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

కంపెనీయే మూతపడినా, చట్టప్రకారం రిట్రెంచ్‌మెంట్ చేసినా, పనికి సంబంధం లేని ప్రమాదంలో 40 శాతం పైన శాశ్వత వైకల్యం వచ్చినా రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన అని ఇంకోటి ఉంది, 2005 నుంచి. అది 24 నెలల దాకా వస్తుంది, షరతులు వేరు. చిన్న కాంట్రాక్టు పనివాళ్లకు సాధారణంగా అది అందదు కాబట్టి ఎక్కువ రాయడం లేదు.

వైద్యం సంగతి మాత్రం మర్చిపోకండి. ఈ డబ్బు తీసుకుంటున్న కాలంలో మనకీ కుటుంబానికీ ఈఎస్ఐ వైద్యం ఉంటుంది. అది కాక అక్టోబరు-మార్చి పీరియడ్‌లో 78 రోజులు నిండితే జూలై నుంచి డిసెంబరు దాకా వైద్యానికి అర్హత ఉంటుంది. ఉద్యోగం పోయింది కదా అని మల్కాపురం ఈఎస్ఐ ఆసుపత్రికి వెళ్లడం మానేసి ప్రైవేటులో అప్పు చేసేవాళ్లని చూశాను. మా అమ్మాయి వాళ్లమ్మ చెకప్పులు అక్కడే చేయించమని చెప్పాను, ముందు ఆ నంబర్ల గొడవ తేలాలి. పేరులో తేడా, పుట్టినతేదీలో తేడా ఉన్నవాళ్లు ఉద్యోగంలో ఉండగానే ఆధార్‌లో ఉన్నట్టు మార్పించుకోండి. హెచ్ఆర్ మనిషి ఎదురుగా ఉన్నప్పుడు అయ్యే పని, బయటికొచ్చాక ఫోన్ ఎత్తక నెలలు పడుతుంది.