తొమ్మిదో రంగు

నేను గీసిన బిల్డింగ్ డ్రాయింగులు, ఇరవై నాలుగు పెద్ద ఏ1 షీట్లు టేబుల్ మీద పరిచి మా సీనియర్ ఆర్కిటెక్ట్ ఒక్కటే అడిగారు: "ఈ కాలమ్ పేరేమిటో చదివి వినిపించు." జోర్డాన్ మనిషి, ఎప్పుడూ గొంతు పెంచరు. అదే ఇంకా కష్టం. వంగి చూశాను. కాలమ్స్ అంటే స్తంభాలు, షియర్ వాల్స్ అనే కాంక్రీటు గోడలు, అన్నీ బొగ్గు పూసినట్టున్నాయి. నేను టైప్ చేసిన పేర్లు ఆ నలుపులోనే ఎక్కడో ఉన్నాయి.

"స్క్రీన్ మీద బాగానే ఉంది సార్" అన్నాను.

"అయితే సైట్‌కి నీ స్క్రీన్ పంపుదామా?" అని వెళ్లిపోయారు.

దుబాయ్ వచ్చి అప్పటికి మూడు వారాలు. కాకినాడలో ఏడేళ్లు ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ మీదే అన్నం తిన్నవాణ్ణి. ఆ రాత్రి షార్జా రూమ్‌లో నిద్ర పట్టలేదు. తిట్టినందుకు కాదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా నాకు ఇలా ఎందుకు జరగలేదా అని.

ఈ లైన్‌లో లేనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఆటోక్యాడ్‌లో గీతకు ఇచ్చే రంగు చాలా ఆఫీసుల్లో రంగు కాదు, పెన్ను. నిజం పెన్నులతో గీసే ప్లాటర్ యంత్రాల కాలం నాటి అలవాటు. ఏ రంగు ఎంత మందంగా పడాలి, ఎంత ఇంకు పట్టాలి అన్న లెక్కంతా సీటీబీ అనే ఫైల్లో ఉంటుంది, మొత్తం 255 రంగులకూ. ఇంకు లెక్కను స్క్రీనింగ్ అంటారు. 100 ఉంటే నిండు ఇంకు, తగ్గించేకొద్దీ బూడిద. గోడ, స్తంభం లోపల నింపే గీతల్ని, రంగుని హ్యాచ్ అంటారు. నేను కాలమ్స్‌కి సాలిడ్ హ్యాచ్, అంటే నిండుగా నింపే రకం, తొమ్మిదో రంగులో వేశాను. స్క్రీన్ మీద అది లేత బూడిద. ప్రింట్ ఇచ్చేటప్పుడు మాత్రం సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మోనోక్రోమ్ సీటీబీ పెట్టాను. దానికి ఎరుపైనా తొమ్మిదైనా ఒకటే, అన్నీ కటిక నలుపు. నలుపు మీద నల్ల అక్షరాలు ఎవరికి కనిపిస్తాయి?

మర్నాడు సాయంత్రం డ్రాయింగుల రాకపోకలు చూసే డాక్యుమెంట్ కంట్రోలర్ నన్ను ఆపాడు. ఫిలిప్పీన్స్ ఆయన, అందరం కుయా అంటాం, వాళ్ల భాషలో అన్నయ్య అని. బస్సు వదులుకుని మరీ కూర్చున్నాడు. ఒకే కాలమ్‌ను 20, 35, 50 స్క్రీనింగ్‌తో ఏ3 మీద ప్రింట్ తీశాడు. దాన్ని జిరాక్స్ తీశాడు. ఆ జిరాక్స్‌ను మళ్లీ జిరాక్స్ తీశాడు. 20 మాయమైపోయింది. 50 పేరును మింగేసింది. 35 నిలబడింది. "సైట్‌కి మన ప్రింట్ వెళ్లదు, జిరాక్స్‌కి జిరాక్స్ వెళ్తుంది" అన్నాడు. సిమెంట్ బ్లాకుల గోడలకు హ్యాచ్‌గా వేసే ఏటవాలు గీతలు కూడా చూపించాడు. ఏ1 మీద మూడు మిల్లీమీటర్ల ఎడంతో ఉన్నవి ఏ3కి తగ్గిస్తే ఒకటిన్నర. గీత కాస్త లావైనా జిరాక్స్‌లో అలుక్కుపోయి గోడంతా మసి. అందుకని హ్యాచ్ పెన్ను మందం 0.13 మిల్లీమీటర్లకి దించాం. హ్యాచ్‌ని వెనక్కి నెట్టే హ్యాచ్ టు బ్యాక్ కమాండ్ కొట్టి అక్షరాలన్నీ పైకి తెచ్చాం.

మంచి పనివాడు. కానీ ఒప్పుకోవడానికి నాకు కొంచెం మనసు రాలేదు. మా ఊళ్లో ఇంత హంగామా ఎక్కడుంది? ముగ్గు పోసి మార్కింగ్ ఇచ్చేటప్పుడు ఇంజనీరు పక్కనే నిలబడి "ఇక్కడ తొమ్మిదంగుళాలు, ఇక్కడ నాలుగున్నర" అని మేస్త్రీకి చెబుతాడు. హ్యాచ్ చూసి గోడ కట్టిన మేస్త్రీని నేనైతే చూడలేదు.

జులైలో సైట్‌కి వెళ్లాక ఆ వాదన కాస్త మెత్తబడింది. వేసవిలో పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించకూడదు. ఆ వేళ నీడలో కూర్చున్న జగిత్యాల మేస్త్రీ జేబులోంచి నాలుగు మడతల ఏ3 తీశాడు. చెమటకు మడతలు చిరుగుతున్నాయి. ఆయన పక్కన ఒకరు నేపాలీ, ఒకరు పఠాన్. ముగ్గురికీ కలిసిన భాష ఆ కాగితమే. "సార్, గీతలున్నది బ్లాకు గోడ. చుక్కలున్నది కాంక్రీటు. గీ నల్లగున్నది ఏందో సమజ్ అయితలేదు" అన్నాడు. నా పాత షీట్లలోదే, ఎలాగో సైట్‌కి చేరింది. నాది అని చెప్పలేదు. పెన్ను తీసుకుని పక్కన కాలమ్ పేరు రాసిచ్చాను.

ఇక కాకినాడ సంగతి. అక్కడ ప్రింట్‌కి బజార్లో ఒక షాపాయనకు పెన్‌డ్రైవ్ ఇచ్చేవాణ్ణి. టీ తాగి వచ్చేసరికి షీట్లు చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఉంచేవాడు. అనుమానం వచ్చి వాట్సాప్‌లో ఆయన సీటీబీ అడిగాను. పది నిమిషాల్లో పంపాడు. ఫైలుకు నా పేరే ఉంది. తెరిచి తొమ్మిదో రంగు నొక్కాను. స్క్రీనింగ్ 35.

"నాకెప్పుడూ చెప్పలేదేమండీ?" అని మెసేజ్ పెట్టాను.

"చెప్పేదేముంది బాబూ, నల్లగా వస్తోందని తగ్గించా. అక్కడ భోజనం బాగుంటోందా?"